గడప ముందు చెంబెడు నీళ్ళు

మూడో రోజు కూడా వీర్రాజు ఖాళీ జోలెతోనే తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే జోలె తీసి కొయ్యకు తగిలించి, "ఇక ఈ ఊళ్ళో మన వల్ల కాదండి గురువుగారూ, వెళ్ళిపోదామండి" అన్నాడు.

ఓబుళయ్య తాత పాత సత్రం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. శిష్యుడు భిక్ష తెస్తే తింటాడు, తేకపోతే ఊరుకుంటాడు. ఈ మూడు రోజుల్లో ఆయన కడుపులో పడినవి నాలుగు చింతచిగురు రెబ్బలూ, తెల్లారేసరికి ఎవరో గుమ్మం దగ్గర పెట్టిపోయే ముంతెడు నీళ్ళూ. నాలుగు నెలలు ఒకే ఊళ్ళో ఉండే దీక్ష పట్టాడు కాబట్టి పొలిమేర దాటడు. తన చేతకానితనం ఈ ముసలాయన ప్రాణం మీదికి తెస్తుందేమోనని వీర్రాజుకు లోపల గుబులు. గుబులు ముదిరితే కొందరికి కోపమొస్తుంది. వీడు ఆ రకం.

కోపమంతా ఊరి మీద. గోదావరి కాలవగట్టున పుట్టి పెరిగినవాడు, రాయలసీమలో అడుగుపెట్టడం ఇదే మొదలు. ఏం చూసినా వింతే. అన్నం ఊసే లేదు, ఏ ఇంట చూసినా రాగి సంగటి. మాట చివర అండీ లేదు, గిండీ లేదు, నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి కూడా నువ్వనే అంటారు. మామూలుగా మాట్లాడుకుంటున్నా వాడికి పోట్లాడుకుంటున్నట్టే వినబడేది. మా వైపు సాధువు వాకిట్లో నిలబడితే పీటవేసి ఆకు వేస్తారనీ, ఇక్కడివాళ్ళవి రాతిగుండెలనీ, మొహం మీదే తలుపేసుకుంటున్నారనీ చాలాసేపు వాపోయాడు.

తాత వాడి కాళ్ళకేసి చూస్తున్నాడు. ఊరంతా తిరిగొచ్చిన కాళ్ళు, మోకాళ్ళ దాకా శుభ్రంగా ఉన్నాయి.

"కాళ్ళు యాడ కడుక్కున్నావు రా?"

"వాళ్ళిచ్చిన నీళ్ళతోనేనండి. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చెంబు తెచ్చి ఇచ్చారండి. ఆ మర్యాద మాత్రం తెలుసు లెండి. దుమ్ముకాళ్ళతో నిలబడితే బావుండదని నేనూ శుభ్రంగా కడుక్కునే జోలె పట్టాను."

తాత "ఊఁ" అని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గోడ పట్టుకుని లేచి, తనూ వస్తానన్నాడు. వద్దన్నా వినలేదు. మొదటి వీధిలో మొదటి ఇల్లు సుంకమ్మది. వీర్రాజుకు ఆ ఇల్లు బాగా గుర్తు, అందరికన్నా ముందు తలుపేసుకుంది ఆవిడే. ఇప్పుడు కూడా వాణ్ణి చూసి ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత లోపలికెళ్ళి, చెంబెడు నీళ్ళు తెచ్చి తాతకిచ్చింది.

తాత చెంబు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. తల వెనక్కి వంచి, పెదవి తగలకుండా ఎత్తిపోసుకుని సగం తాగాడు. మిగతా సగం చెంబుతో సహా ఆవిడకే ఇచ్చేశాడు. సుంకమ్మ ఆ నీళ్ళు మళ్ళీ కుండలో పోసి, ఈసారి వేడివేడి సంగటి ముద్దా చెనక్కాయల పచ్చడీ తెచ్చింది.

వీర్రాజు మొహం మాడిపోయింది. పెద్దవాడని ఇచ్చారు, తనకేం తక్కువని ఇవ్వలేదో అనుకున్నాడు. తాత మాత్రం ముద్ద ముట్టుకోలేదు. అరుగు మీద పెట్టి, సుంకమ్మను అడిగి ఒక ఖాళీ బిందె తీసుకుని వాడి చేతిలో పెట్టాడు.

"నింపుకొని రా. వచ్చినాక తిందాం."

బావి ఎటువైపని అడిగాడు వీర్రాజు. బాయి ఎండి రెండేండ్లాయ, వంకకు పోవల్ల స్వామీ, అంది సుంకమ్మ.

వంక అంటే వాడు ఏరు అనుకున్నాడు. రెండు మైళ్ళు నడిచివెళ్ళి చూస్తే అంతా ఇసకే. ఆ ఇసకలో ఆడవాళ్ళు గుంతలు తీసుకుని కూర్చున్నారు. చెలమలన్నమాట. గుంత అడుగున నీళ్ళు ఊరాలి, కొబ్బరిచిప్పతో తోడుకోవాలి, మళ్ళీ ఊరేదాకా కాచుకోవాలి. వాడికీ కొంచెం చోటిచ్చారు. అక్కడ తాత ఆకలితో కూర్చున్నాడు, ఇక్కడ చిప్ప సగం కూడా నిండడం లేదు. తొందరపడి ఇంకాస్త తవ్వాడు, ఉన్న నీళ్ళు కాస్తా బురదయ్యాయి. పక్కనున్నామె, కదిలించొద్దు, తేరుకుంటాయిలే, అంది. ఎవరి తొందరా చెలమకు పట్టదని వాడికి అప్పుడు తెలిసింది. చిప్ప పక్కన పెట్టి కూర్చున్నాడు.

బిందెలో నీళ్ళు మెడదాకా వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. భుజాన పెట్టుకుని బయల్దేరితే అడుగడుక్కీ తొణికింది. కాలవలో గేదెల్ని తోముతూ పెరిగినవాడు, తొణికిన చుక్క నేలలో ఇంకుతుంటే ఆగి చూశాడు. ఆ తర్వాత దారంతా బిందె మూతికి అరచెయ్యి అడ్డంపెట్టి నడిచాడు.

సుంకమ్మ వాకిట్లో బిందె దించి చూసుకుంటే మోకాళ్ళ దాకా దుమ్ము. ఆవిడ అందులోంచే ఒక చెంబు ముంచి వాడికిచ్చింది. అలవాటు చొప్పున ఒక అడుగు వెనక్కేసి, కాళ్ళ మీదికి వంగాడు.

వంగినవాడు అలాగే ఆగిపోయాడు. మూడు రోజుల్లో ఎన్ని గడపలెక్కాడో, ఎన్ని చెంబులు ఒలకబోశాడో అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కమాట చెప్పి ఉండకూడదా అమ్మా అని అడిగాడు.

"నీళ్ళు తాగినోళ్ళకు కదా స్వామీ సంగటి పెట్టేది," అంది సుంకమ్మ. "నువ్వు కాళ్ళకు పోసుకుంటివి. మా ఇంట్లో ఏమీ ముట్టవేమో అనుకొని ఊరకుంటిమి. అడిగేదానికి నోరు రాలేదు."

వీర్రాజు చెంబెత్తి తాగాడు. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. సుంకమ్మ వాడికీ ఒక ముద్ద తెచ్చింది. తాత ముద్ద ఎప్పుడో చల్లారి గట్టిపడింది. గురుశిష్యులిద్దరూ అరుగు మీదే కూర్చుని తిన్నారు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళడక్కుండా తాత వేళ్ళు శుభ్రంగా నాకి, కండువాతో తుడుచుకున్నాడు. వీర్రాజు కూడా అలాగే చేశాడు.

చేశాక తల దించుకుని, "మూడు రోజులూ ఈ ఊరు మనకేమీ పెట్టలేదన్నానండి" అన్నాడు.

"పెట్టింది లేరా," అన్నాడు తాత. "నువ్వు కాళ్ళు కడుక్కుంటివి."