రెండో పేరు అడిగిన మార్తక్క

అమెరికాలో ఓ మహానగరం. ఆకాశాన్నంటే మేడలు మనుషులవైతే, వాటి కింద సందులూ పార్కులూ జంతువులవి. మంచు పడిందా, వాటికి దిక్కు కాలిబాటల్లోని ఇనుప జాలీలే. వాటి కిందనుంచి వెచ్చటి ఆవిరి వస్తుంది. ఏ జాలీ మీద ఎవరు పడుకోవాలో చెప్పేది జంతువుల మేయరు.

కిందటేడు మేయరు ఫెలిక్స్ నక్క. జాలీలన్నీ తనవాళ్ళకే పంచేశాడు. ఓ పొద్దున మార్త అనే ముసలి గుర్రం పార్కులో బండి లాగుతూ వెళ్తుంటే, చలికి బిగుసుకుపోయిన పావురం పిల్లలు మూడు కనిపించాయి. ఆ పూట ఆమెకు దాణా సహించలేదు. ఈ ఏడు తనూ ఎన్నికలో నిలబడింది.

ఎలుకల తరఫున గస్, పావురాల తరఫున పెర్ల్ కూడా పోటీలో ఉన్నారు. ఆ రెండు జాతుల మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఆ ఊళ్ళో చీటీ మీద రెండు పేర్లు రాయొచ్చు. ముందు మొదటి పేర్లే లెక్కపెడతారు; సగం ఓట్లు దాటితేనే గెలుపు. ఎవరూ దాటకపోతే, అందరికంటే వెనకబడినవాళ్ళను తప్పించి, వాళ్ళ ఓట్లను చీటీలోని రెండో పేరుకు కలుపుతారు.

మార్త ఎలుకల బొరియ ముందు తలవంచి నిలబడింది.

"మీ ఓటు గస్‌కే వేసుకోండి, మీవాడు. రెండో చోట మాత్రం నన్ను రాయండి."

"పావురాలకీ ఇదే చెప్పొచ్చావా, మార్తక్కా?" అంది ఓ ముసలి ఎలుక.

"చెప్పొచ్చాను. చలి వాళ్ళకీ మీకూ ఒకటేగా!"

ఎలుక మీసాలు దువ్వుకుంది. "దాచకుండా చెప్పావు. రాస్తాంలే."

దారిలో ఫెలిక్స్ ఎదురై పకపకా నవ్వాడు. "రెండో చోటు అడుక్కుంటున్నావట! నాకైతే సిగ్గుతో ప్రాణం పోయేది."

"నువ్వూ ఓసారి వాళ్ళ గుమ్మం తొక్కరాదూ, ఫెలిక్సూ?"

"ఆ కంపు బొరియలా? నా ఓట్లు నాకున్నాయి!"

ఉన్నాయి కూడా. నూరు చీటీల్లో నక్కకు నలభై, మార్తకు పాతిక, గస్‌కు ఇరవై, పెర్ల్‌కు పదిహేను వచ్చాయి. ఫెలిక్స్ అప్పుడే బల్లెక్కి ఉపన్యాసం మొదలెట్టేశాడు.

"దిగు నాయనా, లెక్క అవలేదు," అంది ఎన్నికల అధికారి గుడ్లగూబ.

పెర్ల్ తప్పుకుంది. పదిహేనూ మార్తకే. గస్ తప్పుకున్నాడు. ఇరవయ్యీ మార్తకే. మొత్తం అరవై!

ఫెలిక్స్ నోరెళ్ళబెట్టాడు. "రెండో పేరు నాదని ఒక్కరూ రాయలేదా?"

"నువ్వు అడిగితేగా!" అంది గుడ్లగూబ.

ఆ సాయంత్రమే మంచు మొదలైంది. కొత్త మేయరు మార్త చూపించిన జాలీ మీద ఎలుకలూ పావురాలూ పక్కపక్కనే ముడుచుకున్నాయి. దూరంగా వణుకుతున్న నక్కను మార్త చూసింది. ఎంత మంచి మనసో ఆ ముసలిదానిది!

"ఎలుకల్లారా, కాస్త జరగండమ్మా. ఫెలిక్సూ, రా!"

ఫెలిక్స్ తోక ముడుచుకుని, తను కంపన్న ఎలుకల మధ్యే కూర్చున్నాడు.

తనకు ఓటు వేయనివాళ్ళ గుమ్మం ముందు కూడా తలవంచగలిగినవాళ్ళకే ఊరు తల వంచుతుంది.