తెరకు వీపు పెట్టి చూసిన సినిమా

శుక్రవారం మొదటి ఆటకి జెఫన్యా నలభై మందిని వెంటేసుకుని వెళ్ళాడు. సోమవారం పొద్దున్నే ఒక్కడే, మొహం వేలాడేసుకుని ఫ్రాంక్లిన్ మాస్టారి గుమ్మంలో నిలబడ్డాడు.

మధ్యలో జరిగింది ఇదీ.

జెఫన్యా సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాడు. ‘ఔటర్ సిగ్నల్’ అనే రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాడు. వాయిస్తాడంటే తక్కువ చేసి చెప్పినట్టే. అతను జుట్టు విరబోసుకుని డ్రమ్స్ ముందు కూర్చుంటే ఇక పాడేవాడి వైపు చూసే నాథుడు ఉండడు. కాలేజీ ఫెస్టుల్లో పిల్లలకి పాట పేరు అక్కర్లేదు, ‘జెఫ్, జెఫ్’ అని అరవడమే. ఆ అరుపు రుచి మరిగినవాడికి అది లేని రోజు అన్నం సహించదు.

అలాంటివాడికి రెండేళ్ళు ఎదురుచూడగా ఎదురుచూడగా సినిమా పిలుపు వచ్చింది. ఒక పెద్ద సినిమాలో ఛేజింగ్ సీనుకి డ్రమ్స్. సంతలో హీరో తమ్ముడు పరిగెడుతుంటాడు, వెనక జీపు తరుముకొస్తుంటుంది. స్టూడియోలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చెవిలో టిక్కుటిక్కుమనే లెక్క తప్పకుండా, ఎదురుగా బొమ్మ చూసుకుంటూ రెండు నిమిషాలు వాయించాలి. పదమూడు టేకులు అయ్యాయి. వాయించడం రాక కాదు. జీపు పల్టీ కొట్టే ముందు రెండు దెబ్బలు ఖాళీగా వదిలెయ్యమన్నాడు సంగీత దర్శకుడు. మనవాడి గొడవంతా అక్కడే. ఖాళీ కనిపిస్తే రాక్ డ్రమ్మరు చేతులు ఊరుకుంటాయా? నింపేశాడు. వద్దన్నారు. మళ్ళీ నింపేశాడు. చివరికి పదమూడో టేకులో పళ్ళు బిగబట్టి, ఆ రెండు దెబ్బలూ వదిలేశాడు.

సినిమా విడుదలైంది. బ్యాండు వాళ్ళు, క్వార్టర్స్ వాళ్ళు, చర్చి క్వయర్, అమ్మ, మేనత్త, అంతా కలిసి రెండు వరసలు నిండారు. ఛేజింగ్ మొదలవగానే జెఫన్యా అటూ ఇటూ వంగి, “ఇప్పుడు వినండి, ఇప్పుడు వినండి” అన్నాడు. నలభై మందీ చెవులు రిక్కించారు.

హారన్లు వినిపించాయి. కోళ్ళు వినిపించాయి. కుండలు పగలడం వినిపించింది. జనం ఈలలు, కేకలు. ఇంతలో జీపు పల్టీ కొట్టింది. డ్రమ్స్ మాత్రం ఎక్కడా వినిపించలేదు.

“ఏదిరా నీ వాయింపు?” అంది మేనత్త. ఆవిడ గొంతు మాత్రం నాలుగు వరసల వరకు బాగానే వినిపించింది.

“అందుకని సినిమాలు మానేద్దామనుకుంటున్నాను మాస్టారూ,” అన్నాడు జెఫన్యా.

ఫ్రాంక్లిన్ మాస్టారికి డెబ్బై నాలుగేళ్ళు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సు బ్యాండులో మొదలుపెట్టి, మద్రాసు స్టూడియోల్లో ఇరవై ఏళ్ళు వాయించి, ఇప్పుడు ఇంట్లోనే పిల్లలకి రబ్బరు పలకల మీద డ్రమ్స్ నేర్పుతున్నారు. రబ్బరు పలకలు పక్కింటివాళ్ళకి చప్పుడు వినపడకుండా ఉండటం కోసం. మాటల విషయంలో ఆయన బహు పిసినారి. జెఫన్యా ఎనిమిదో ఏట ఆయన దగ్గర చేరితే మొదటి ఆరు నెలలూ విన్న మాట ఒక్కటే, “మళ్ళీ.”

“రేపు తొమ్మిదింటికి ఇంకో సినిమా రికార్డింగు ఉంది,” అన్నాడు జెఫన్యా. “వాయించేవాళ్ళని కుదిర్చే మురహరి అన్న ఫోన్ చేశాడు. నా డ్రమ్స్ పైకి వినిపించేలా పెడతామని మాటిస్తేనే వస్తానన్నాను. అలాంటి మాటలు ఎవరూ ఇవ్వరు, సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చు, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటామన్నాడు. ఒకసారి కాదంటే మళ్ళీ పిలవరు. అయినా ఫరవాలేదు. నా బ్యాండు నాకుంది. అక్కడ కనీసం నేను వినపడతాను. మీరేమంటారు?”

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

“ఆ సినిమా ఇవాళ మ్యాట్నీ ఉందా?” అన్నారు.

థియేటరు పాతది. తెర కింద మోకాలెత్తు స్టేజీ ఒకటి ఉంది. సోమవారం కాబట్టి ముందు వరసల్లోనే కాస్త జనం. మాస్టారు సీట్లన్నీ దాటుకుంటూ నేరుగా తెర దాకా వెళ్ళి, స్టేజీ మూల మీద జనానికి ఎదురుగా కూర్చున్నారు. పక్కన అరచేత్తో తట్టి, కూర్చోమన్నారు.

“మాస్టారూ, తెర మన వెనక ఉంది.”

“తెలుసు.”

జెఫన్యా సిగ్గుతో చచ్చిపోతూ కూర్చున్నాడు. టార్చిలైటు పట్టుకున్న మనిషి ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. “సార్, గిక్కడ కూసోవద్దు. సీట్లన్నీ ఖాళీనే ఉన్నయ్ గద!”

“ఈ అబ్బాయికి తెర చూస్తే కళ్ళు తిరుగుతాయండీ,” అన్నారు మాస్టారు, ఎంతో మర్యాదగా.

“మరి సినిమాకెందుకొచ్చిండు?”

ఆ మనిషి ఇద్దర్నీ ఎగాదిగా చూసి, పెద్దాయన వయసుకి గౌరవమిచ్చి, తల కొట్టుకుంటూ పోయాడు. మూడో వరస నుంచి ఎవడో “అన్నా, పిక్చర్ అటు దిక్కుంది!” అని అరిచాడు. హాలంతా నవ్వింది. జెఫ్, జెఫ్ అని అరిపించుకున్నవాడు తల దించుకుని చెప్పులు చూసుకున్నాడు.

కాసేపటికి జనం వీళ్ళని మర్చిపోయి సినిమాలో పడ్డారు. జెఫన్యా మెల్లగా తలెత్తాడు. ఇంతకాలం స్టేజీ మీద అతను చూసిన జనం అతన్నే చూస్తూ అరిచే జనం. ఇప్పుడు తెర వెలుగు పడి ఒక్కొక్క మొహం విడివిడిగా కనిపిస్తోంది, ఒక్కరూ అతన్ని చూడటం లేదు. ఖాకీ చొక్కా ఆటో డ్రైవరు ఒకాయన సమోసా తింటున్నాడు. ఇద్దరు ముసలమ్మలు చెప్పులు విప్పేసి, కాళ్ళు జాపుకుని హాయిగా కూర్చున్నారు. కాలేజీ ఎగ్గొట్టిన అమ్మాయిలు ఒకే కూల్‌డ్రింకులో మూడు స్ట్రాలు వేసుకున్నారు.

ఛేజింగ్ మొదలైంది. వెనక నుంచి అవే హారన్లు, అవే కోళ్ళు.

మాస్టారు అతని మోకాలు తట్టారు. “వాయించు,” అన్నారు.

వినపడకపోతేనేం, పదమూడుసార్లు వాయించింది ఎక్కడికి పోతుంది? జెఫన్యా వేళ్ళు మోకాళ్ళ మీద వాటంతటవే మొదలుపెట్టాయి. అలా వాయిస్తూ మొహాలు చూశాడు. మాస్టారు గడ్డంతో కిందికి చూపించారు. కాళ్ళు చూశాడు.

ముసలమ్మల్లో ఒకావిడ మడమ నేలకి తగులుతోంది. మెట్టెలున్న వేళ్ళు ఊగుతున్నాయి. జెఫన్యా వేళ్ళు ఎప్పుడు పడితే ఆవిడ మడమ అప్పుడు పడుతోంది. అనుకోకుండా కుదిరిందేమోనని ఆటో ఆయన వైపు చూశాడు. ఆయన బొటనవేలు ముందున్న ఇనప కమ్మీని తడుతోంది. అదీ అదే లెక్క. అమ్మాయిల భుజాలు, వెనక వరసలో ఒకాయన తల, ఇంకెవరిదో పిడికిలి. ఎవరికీ తెలీదు. కళ్ళన్నీ తెర మీదే ఉన్నాయి.

ఎప్పుడో మూడు నెలల కింద, తలుపులు మూసిన గదిలో, విసుక్కుంటూ జెఫన్యా కొట్టిన దెబ్బలవి. హారన్ల కింద, కోళ్ళ కింద చెవికి అందకుండా పడి ఉండి, ఇక్కడ ఈ పాదాల్లో నడుస్తున్నాయి.

ఆ రెండు ఖాళీ దెబ్బలూ దగ్గరపడ్డాయి. అతని వేళ్ళు ఆగాయి.

మడమ ఆగింది. బొటనవేలు ఆగింది. సమోసా నోటిదాకా వచ్చి నిలబడిపోయింది. హాలులో ఒక్కరు ఊపిరి తీస్తే ఒట్టు.

ధనామని జీపు పల్టీ కొట్టింది. అందరూ ఒక్కసారి సీట్లలోంచి ఎగిరి, కెవ్వుమని అరిచి, ఈలలేసి, చప్పట్లు కొట్టారు. సమోసా కింద పడింది. ముసలమ్మ పక్కావిడ చెయ్యి గట్టిగా పట్టేసుకుని పడీపడీ నవ్వుతోంది.

జెఫన్యా మాస్టారి వైపు తిరిగాడు. మాస్టారు జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి చేతిలో పెట్టారు.

ఇంటర్వెల్ ఇచ్చారు. లైట్లు వెలిగాయి. మెట్టెలావిడ చెప్పులు వెతుక్కుంటూ వీళ్ళని చూసింది. “ఏం బిడ్డా, గంత మంచి సినిమాకొచ్చి గిటు తిరిగి కూసున్నవ్?”

అతను ఉండబట్టలేక అడిగేశాడు. “అమ్మా, ఇందాక ఆ జీపు తరిమేటప్పుడు డ్రమ్స్ వినిపించాయా మీకు?”

“డ్రమ్సా? ఏం డ్రమ్స్?” ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. “నా గుండె దడదడ కొట్టుకుంటుంటె ఇంకేం ఇనవడ్తది బిడ్డా! అది ఇంకా ఆగలే, సూడు!”

చెప్పులేసుకుని, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

జెఫన్యా అక్కడే నిలబడిపోయాడు. ముందు చిన్నగా, తర్వాత ఇక ఆపుకోలేక నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఇన్నేళ్ళలో తన గురించి ఎవరూ ఇంత మంచి మాట అనలేదనిపించింది.

ఫోను మోగింది. మురహరి.

“ఏమయ్యా, వస్తున్నావా లేదా? అవతల వాళ్ళు అడుగుతున్నారు.”

“వస్తున్నా అన్నా. తొమ్మిదికెందుకు, ఎనిమిదిన్నరకే వస్తా.”

“మరి నీ షరతు సంగతేంటి?”

“ఏం షరతన్నా?” అన్నాడు జెఫన్యా. అవతల మురహరి సరేలే అని పెట్టేశాడు.

బెల్లు కొట్టారు. జనం సమోసాలతో, సోడాలతో లోపలికి వస్తున్నారు. మాస్టారికి నడుం పట్టేసినట్టుంది, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని మెల్లగా సీట్ల వైపు నడిచి మొదటి వరసలో కూలబడ్డారు. తిరిగి చూస్తే శిష్యుడు రాలేదు. స్టేజీ మూలమీదే, జనానికి ఎదురుగా, కాళ్ళు జాపుకుని కూర్చుని ఉన్నాడు.

“ఇక రారా. రెండో సగంలో నువ్వు వాయించింది ఏమీ లేదుగా?”

“లేదు మాస్టారూ. పాట ఒకటుంది. ఎవరు వాయించారో నాకు తెలీదు,” అన్నాడు జెఫన్యా, మళ్ళీ వచ్చి కూర్చుంటున్న మొహాల మీంచి చూపు తిప్పకుండా. “ఆ వాయించినవాడు వీళ్ళని ఏం చేస్తాడో చూడాలి.”

మాస్టారు నడుం పట్టుకుని లేచారు. వచ్చి అతని పక్కన కూర్చున్నారు.