రాయప్ప చాపిన ఎడమకాలు

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఈ పూటే ఊడి కంచంలో పడాలి. కావాలంటే మా పేటలో ఎవరినైనా అడగండి. నా అంత వివరంగా ఎవరూ చెప్పలేరు గానీ, జరిగిందని మాత్రం ఒప్పుకుంటారు.

మాది నాపరాళ్ళ గని పక్కన పేట. ఫాదరు గారికి మాలాంటి ఊళ్ళు లెక్కలేనన్ని, ఆయన నెలకొకసారి వస్తే గొప్ప. తక్కిన రోజుల్లో గుడి దీపం దగ్గర్నుంచి చావు ప్రార్థన దాకా చూసుకునేది ఉపదేశి బాలశౌరి గారు. ఆయన్ను ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెడతారు. ఆ తుడుపు పూర్తయ్యేలోగా అడిగినవాళ్ళకు మనవలు పుట్టి, వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయి.

ఆయన దగ్గర ఉపదేశి పని నేర్చుకుంటున్న ఇన్నయ్య, పవిత్ర గురువారం పొద్దున గుడి ఊడుస్తూ ఒక ప్రశ్న అడిగాడు. కడరా భోజనానికి ముందు ఏసు ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిన రోజది. దానికి గుర్తుగా ఫాదరు గారు మాలో పన్నెండుమంది మగవాళ్ళను కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కుడికాలు కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకుంటారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్కాలమంతా సిలువ మార్గం ప్రార్థనలు నడిపించి, పాటలు పాడించి ఇన్నయ్య అప్పటికే సగం మనిషయ్యాడు. గొంతులోంచి మాట రావడానికి ముందు కాసేపు గాలి వచ్చేది.

"ఏడాదికొక సాయంత్రం కాళ్ళు కడుగుతారు గదయ్యా. మర్నాటికి అవే కాళ్ళు మళ్ళీ గనిలోకి పోతాయి. రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్ళకు ఈ పండుగతో ఏం పని?"

బాలశౌరి గారు కళ్ళజోడు తీశారు. ఆ రోజు తుడుపు సాయంత్రం దాకా సాగింది.

ఆ ఏడు ఎండ ఎంతటిదంటే, గుడి గంట కొడితే మోగేది కాదు, మూలిగేది. అయినా ఆ మధ్యాహ్నం పేటలో ఏ ఇంట చూసినా కాళ్ళు తోమడమే పని. ఫాదరు గారి చేతికి మురికి కాలు అందిస్తే పరువు పోతుందని మా ఆడవాళ్ళ భయం. కడగబోయే కాలు ముందే కడిగి పంపడం మా పేట ఆచారం. కొబ్బరి పీచు, కుంకుడు రసం, చివరికి అంట్లు తోమే బూడిద కూడా వాడారు. ఒకాయన పాదంలో నేను ముఖం చూసుకుని జుట్టు సర్దుకున్నాను. తీరా పూజలో ఆ కాళ్ళు కడిగితే పళ్ళెంలో నీళ్ళు పోసినప్పటికంటే తెల్లబడ్డాయి.

ఫాదరు గారు అప్పటికే వేరే ఊళ్ళో పూజ ముగించి వచ్చారు. మాది అయ్యాక ఇంకో ఊరు పోవాలి. ఒక్కో కాలి దగ్గర వంగి లేస్తుంటే ఆయన మోకాళ్ళ చప్పుడు గని అవతలి గట్టుకు తగిలి తిరిగొచ్చింది. చివరి కుర్చీలో రాయప్ప కూర్చున్నాడు. గనిలో బండలు తీసే మనిషి. అంత ఎండలోనూ బూట్లతో వచ్చాడు. ఫాదరు గారు దగ్గరికి రాగానే ఎడమ బూటు ఒక్కటే విప్పి, కుడికాలు వెనక్కి లాక్కుని, ఎడమకాలు చాపాడు.

ఆడవాళ్ళ వరసలో గుసగుసలు లేచాయి. పెళ్ళినాడూ వీడు ఎడమకాలే ముందు పెట్టాడనీ, అందుకే పాపం వీడి పెళ్ళాం లూర్దమ్మకు అలాంటి అత్త దొరికిందనీ ఎవరో అన్నారు. అత్తగారు అక్కడే ఉంది, వినబడనట్టు ఊరుకుంది. ఫాదరు గారు అది ఏ కాలో కూడా చూడలేదు. అందిన కాలు కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకుని లేచారు. పూజ ముగిసింది. ఆయన జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది.

జనం వెళ్ళిపోయారు. నేను జపమాల వెతుక్కుంటూ ఉండిపోయాను. అది నా మెడలోనే ఉందనుకోండి. రాయప్ప గడప దాటబోతుంటే బాలశౌరి గారు కూర్చోమన్నారు. ఇన్నయ్య చేత పళ్ళెంలో కొత్త నీళ్ళు పోయించి, ఆ ముసలి ప్రాణం నేల మీద చతికిలబడి చెయ్యి చాపింది.

"కుడికాలు ఇవ్వరా."

"వద్దయ్యా. మీరు నా కాలు పట్టుకోవడమేంది?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వాదించనూ లేదు. అలా చాచిన చేతిలో పిచ్చుక గూడు కట్టి పిల్లల్ని లేపేంతసేపు గడిచింది. అప్పుడు రాయప్ప తలవంచుకుని చెప్పుకొచ్చాడు. తపస్కాలం మొదలయ్యే బూడిద బుధవారానికి ముందే బండ జారి కాలి మీద పడిందట. ఒంట్లో షుగరుంది, పుండు మానలేదు. మేస్త్రీకి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు. లూర్దమ్మకు తెలిస్తే ఆసుపత్రికి లాక్కుపోతుంది, అక్కడ కాలు తీసేస్తారు. అందుకని ఇంట్లో కూడా బూటు విప్పకుండా పడుకుంటున్నాడు. అలసటగా ఉందంటే ఇంట్లోవాళ్ళు నమ్మారట. మా పేటలో అలసట అంటే ఎవరూ మారు ప్రశ్న వేయరు.

బూటు విప్పారు. ఇక్కడ నేను పెంచి చెప్పను. పెంచడానికి చోటు లేదు. బొటనవేలూ పక్కవేలూ నల్లగా ఉన్నాయి. వాసనకు ఇన్నయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బాలశౌరి గారు చుట్టిన గుడ్డను తడిపి తడిపి ఊడదీశారు. మెల్లగా కడిగారు. తన తువ్వాలుతో తుడిచారు. ముద్దు పెట్టుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని, నలుపు ఎంతవరకు పాకిందో వేలితో నొక్కుకుంటూ చూశారు.

"ఏమాత్రం నొప్పి లేదయ్యా," అన్నాడు రాయప్ప, కాస్త ఆశగా.

వేళ్ళు చచ్చుబడ్డాయని అర్థమై బాలశౌరి గారి ముఖం వాడిపోయింది.

ఈస్టరు దాటాక తప్పకుండా ఆసుపత్రికి పోతానని రాయప్ప బతిమాలాడు. పండుగ పూట ఇంట్లో ఏడుపులు ఎందుకన్నాడు. గోడ వైపు నుంచే ఇన్నయ్య అందుకున్నాడు.

"ఫాదరు గారు ఉన్నప్పుడే చూపించి ఉంటే, ఆయనే ఏదో ఒకటి చేసేవారు గదయ్యా."

బాలశౌరి గారు రాయప్ప పాదాన్ని తన ఒళ్ళోనే ఉంచుకుని, ఇన్నయ్య ఇటు తిరిగేదాకా ఆగారు.

"ఆయన ఎడమకాలు కడిగి వెళ్ళారు, ఇన్నయ్యా. కుడికాలు మన వంతు. పోయి ఆటో పిలుచుకురా, పెద్దాసుపత్రికని చెప్పు. దారిలో లూర్దమ్మను ఒక దుప్పటి తీసుకుని రమ్మను."