తొలి మీటు

గిటారు పాడలేదు. బుయ్యిమంది.

సన్యాసిరావు స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ బుయ్యిమంది. మైకుసెట్టు వాళ్ళని బతిమాలి తెచ్చుకున్న పాత స్పీకరు పెట్టె, కదిపిన తేనెపట్టులా రొద పెడుతోంది. ఏమైందో చూద్దామని గిటారు మీదకి వంగితే ఆ రొద ఇంకాస్త పెరిగింది.

వీణలు చేసేవాడికి ఈ గిటారు పిచ్చి ఏమిటని ఊళ్ళో అప్పటికే నవ్వుకుంటున్నారు. పేరుకి సన్యాసి, కోరికలు మాత్రం సినిమా హీరోవి అన్నారు. అతనూ నవ్వి ఊరుకున్నాడు గానీ, అది ఎవరి కోసం చేస్తున్నాడో ఎవరికీ చెప్పలేదు.

విజయనగరం వైపు వీణలు చేసేవాళ్ళలో అప్పలాచారి గారిది అందెవేసిన చెయ్యి. పనస మొద్దుని వేలి కణుపుతో కొట్టి, లోపల వీణ ఉందో లేదో చెప్పేవారు. బడి ఎగ్గొట్టి తిరుగుతున్న సన్యాసిరావుని పిలిచి పాకలో కూర్చోబెట్టిందీ, ఉలి పట్టడం నేర్పిందీ ఆయనే. ఉలి పట్టడమే కాదు, అన్నం ముందు కూర్చుని అలగకూడదని కూడా ఆయనే నేర్పారు.

ఆ పాకలో ఒక ఆచారం ఉంది. వీణ ఎవరు చేసినా తొలి మీటు గురువుది. ఆయన మీటి, తల వంచి విని, 'ఊఁ' అంటేనే వీణ పుట్టినట్టు లెక్క. పొగడ్త అనేది ఆయన దగ్గర ఇంకో రూపంలో దొరకదు. ఆ 'ఊఁ' కోసం సన్యాసిరావు చెవి కోసుకునేవాడు.

తీరా అతను మొదటిసారి ఒక వీణని మొద్దు దగ్గర్నుంచి తీగెల దాకా ఒక్కడే చేసే నాటికి, గురువుగారి చెవులు పోయాయి. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత ఆయన భార్య నూకాలమ్మ గారి కేకలు కూడా పోయాయి. ఆవిడ కేకలే వినపడటం లేదంటే ఇక ఆశ లేనట్టేనని ఊరు తేల్చేసింది.

"ఇకనించి నువ్వే మీటుకోరా. నాకు ఇనపడనప్పుడు ఆచారం దేనికి?" అన్నారు గురువుగారు.

అలాగే మీటుకున్నాడు. అతను మీటుతుంటే ఆయన వచ్చి వీణ అడుగున గుండ్రటి కుండ మీద అరచెయ్యి వేసి, కాసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. పాలిషు నునుపు చూసుకుంటున్నారనుకునేవాడు సన్యాసిరావు. అలా మూడు వీణలు చేశాడు. మూడూ మంచి ఇళ్ళకే వెళ్ళాయి. ఒక్కదానికీ 'ఊఁ' రాలేదు. ఇంత నేర్పిన మనిషికి తన చేతి పని ఒక్కసారి కూడా వినిపించలేకపోయానే అన్న బాధ అతన్ని ముల్లులా సలుపుతూ ఉండేది.

ఒకసారి వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్తుంటే, బ్యాండువాళ్ళ కరెంటు గిటారు మోతకి గురువుగారు ఉలి ఆపి తలెత్తారు. అది సన్యాసిరావు కంటపడింది. అంతే, ఆ రోజే మొదలుపెట్టాడు.

గురువుగారే అటక మీంచి బాగా ఎండిన పనస పలక దింపి ఇచ్చారు. దేనికని అడగలేదు. మెట్లు వీణకి లాగా మైనంలో నిలపకుండా, కర్రలోనే గాడి కోసి దిగ్గొట్టాడు. తీగెల కింద పెట్టే అయస్కాంతాలకి వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టాలి. నూకాలమ్మ గారు తిడుతూనే కుట్టుమిషను చక్రం తిప్పింది, అతను ఊపిరి బిగబట్టి చుట్టాడు. తీగ తెగినప్పుడల్లా ఆవిడ అతని ఏడు తరాలనీ తలుచుకుంది. మళ్ళీ తిప్పింది.

తీగెలు బిగించాడే గానీ వాటి మీద మళ్ళీ వేలు పడనివ్వలేదు. ఈ ఒక్కదానికి తొలి మీటు గురువుదే కావాలి. ఈ ఒక్కటి ఆయనకి వినపడాలి.

తీరా చూస్తే ఇదిగో, ఈ రొద.

వెనక మూత విప్పాడు. అతుకులన్నీ కరిగించి మళ్ళీ అతికాడు. వైరు మార్చాడు. పెట్టె జరిపాడు. ప్రతిసారీ గిటారుని బల్ల మీద పడుకోబెట్టి, రెండు చేతులూ వెనక్కి తీసుకుని, భయం భయంగా స్విచ్చి వేసేవాడు. ప్రతిసారీ బుయ్యిమనేది. మధ్యాహ్నానికి అతని ఓపిక అడుగంటింది. రాగి చుట్టనే ఊడబెరికి పారేద్దామని ఉలి అందుకున్నాడు.

గుమ్మంలో నూకాలమ్మ గారు అది చూసింది. కేక వేస్తే లాభం లేదు గనక లోపలికెళ్ళి, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఏటిరా, ఏటయింది?" అన్నారు అప్పలాచారి గారు.

"పాడైపోయింది గురువు గారూ!" చెవి దగ్గర అరిచాడు సన్యాసిరావు. "ఒకటే మోత! పొయ్యిలో పెట్టెయ్యడానికి తప్ప పనికి రాదు!"

"నువ్వు అరిసింది ఇనపళ్ళేదు గానీ నీ మొకం ఇనపడింది. ఆ ఉలి అక్కడెట్టు."

ఆయన స్పీకరు పెట్టె మీద ఎడమ అరచెయ్యి ఆనించారు. పెట్టె అదురుతోంది. కాసేపు అలాగే ఉండి, రెండో చెయ్యి చాపి గిటారు తీగెల మీద మెల్లగా వేశారు, నిద్రపోయే పిల్ల మీద వేసినట్టు.

రొద ఆగిపోయింది.

సన్యాసిరావు తెల్లబోయాడు. గురువుగారు చెయ్యి తీశారు, బుయ్యిమంది. చెయ్యి వేశారు, ఊరుకుంది.

"సంటిపిల్ల కూడా అంతే కదరా. దగ్గరికొచ్చి ఎత్తుకోపోతే ఇంకా ఏడుత్తాది. ఎత్తుకోకుండా, ఎందుకేడుత్తన్నాదో అని పీక ఇప్పి సూత్తామేటి?"

గుమ్మంలో నూకాలమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సన్యాసిరావుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నేలమీద కూలబడి, ఆయన కళ్ళకి కనపడేట్టు చేతులు తిప్పుతూ, నోరు పెద్దగా తెరిచి చెప్పాడు.

"తొలి మీటు మీది! అందుకే ముట్టుకోలేదు!"

గురువుగారికి అర్థమైంది. గిటారుని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. చెక్క అంచంతా బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకున్నారు. అప్పుడు పెట్టె వైపు చూపించి, "దాన్ని ఆపు" అన్నారు.

"ఆపితే ఎలాగండీ! ఆపితే మీకు వినపడదు!" ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చేసింది. "మీకు వినపడాలనే గదా ఇది చేసింది! ఇంకెవరి కోసం చేశాను?"

ఆ మాటలు ఆయనకి ఎంతవరకు చేరాయో గానీ, అతని ముఖంలోకి చాలాసేపు చూశారు. చూసి, చెయ్యి చాపి, ఆయనే స్విచ్చి ఆపేశారు.

పాకలో చప్పుడన్నది లేదు. పెట్టె లేని ఆ గిటారుకి గొంతే లేదు. దోమ పాటి చప్పుడు తప్ప రాదు. గురువుగారు ఎడమ అరచెయ్యి పలక మీద పరిచారు. కళ్ళు మూసుకున్నారు. లావుపాటి తీగెని మీటారు. తల వంచారు. అది ఆగేదాకా ఉండి, మళ్ళీ మీటారు.

"ఊఁ" అన్నారు.

సన్యాసిరావు పలక మీది ఆయన అరచేతి వైపు చూశాడు.

"నువ్వు మొదట సేసిన వీణకి, కుండ ఒక పక్క మందం ఉండిపోయింది" అన్నారు గురువుగారు కళ్ళు తెరవకుండానే. "సెప్తే బెంగెట్టుకుంటావని ఊరుకున్నాను. రెండోది నయం. ఆకరుది, మొన్న ఉగాదికి ఇచ్చినావే, అదైతే..." ఆయన అరచెయ్యి, ఎదురుగా వీణ కుండ ఉన్నట్టు, గాలిలో గుండ్రంగా తిరిగింది. "నేను సేసినా అంతే."

నూకాలమ్మ గారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట అలాంటి మెప్పు ఆవిడ వినడం ఇదే మొదలు.

"ఇప్పుడు ఆ పెట్టె ఎయ్యి" అన్నారాయన, కళ్ళు తెరిచి భార్యని చూపిస్తూ. "మీ అమ్మ కూడా ఇంటాది."

సన్యాసిరావు పెట్టె జోలికి వెంటనే పోలేదు. మోకాళ్ళ మీద దగ్గరికి జరిగి, పనస పలక మీద ఆయన చేతి పక్కనే తన అరచెయ్యి ఆనించాడు.

గురువుగారు మళ్ళీ మీటారు.