మసి పూయని గ్రంథం

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే గానీ, దాన్ని ఏలే దుర్జయవర్మ బిరుదులు చదవడానికి మాత్రం ఒక పూట పట్టేది.

ఉన్నట్టుండి ఆయనకు ధర్మచింత పట్టుకుంది. మనిషై పుట్టినవాడికి ఏయే హక్కులుంటాయో, అవి ఎక్కణ్ణించి వస్తాయో తేల్చే గ్రంథం ఒకటి చెప్పడం మొదలుపెట్టాడు. ‘సర్వజన స్వత్వ ప్రకాశిక’ అని పేరు ముందే పెట్టేసుకున్నాడు. ఆయన ఉయ్యాల మీద ఊగుతూ చెప్పేవాడు. ఆస్థాన లేఖకుడు తిప్పన కింద కూచుని తాటాకుల మీద గంటంతో రాసేవాడు.

ఈ తిప్పన మహా మాటకారి. నోరు జారి మూడుసార్లు ఉద్యోగం పోగొట్టుకుని, అదే నోటితో మూడుసార్లూ తిరిగి సంపాదించుకున్నవాడు.

అతని లేఖకశాలకు దీపపు మసి అమ్మే నూకాలు, నాలుగు నెలలుగా పని మానుకుని కోట గుమ్మం దగ్గర నిలబడుతోంది. కోటగోడకు వెట్టిచాకిరీ చెయ్యనన్నాడని ఆమె మొగుడు పైడయ్యను చెరసాలలో పడేశారు. విచారణ లేదు, పాడూ లేదు. ఎండైనా వానైనా ఆమె వచ్చి అతని పేరూ, లోపలున్న మిగతావాళ్ల పేర్లూ బిగ్గరగా చెప్పేది. వినేవాడు ఉన్నాడా లేడా అని చూసేది కాదు.

వస్తూ పోతూ తిప్పన ఆమె మొహం చూడలేకపోయేవాడు. తను లోపల కూచుని రాసే వాక్యాలు ఆమె మొగుడి గురించేనని అతనికి తెలుసు మరి.

గ్రంథం ముగిసిన రోజున ధైర్యం చేసి నోరు విప్పాడు. “మహాప్రభూ, గుమ్మం దగ్గర నూకాలు...”

“తెలుసు. సిద్ధాంతం చెబుతుంటే మధ్యలో ఆ అరుపులేమిటి?”

“సిద్ధాంతం ఆవిడ గురించి కూడానేమో ప్రభూ.”

రాజు ఉయ్యాల ఆపాడు. “వెర్రివాడా! సిద్ధాంతం సర్వజనులది. ఆవిడ ఒక్కర్తి. నా గ్రంథం నేటితో పూర్తయింది. ఇక దానికి చేర్చవలసింది ఏమీ లేదు. గుమ్మం దగ్గర గోల చేసేవాళ్లతో దానికి అవసరం అసలే లేదు. ఉందని నిరూపించు, పైడయ్యను వదిలేస్తాను. నిరూపించలేకపోతే గంటం అక్కడ పెట్టి దేశం విడిచి వెళ్లు.”

“ఇక చేర్చవలసింది ఏమీ లేదు. అంతేనా ప్రభూ?”

“అంతే!”

“చిత్తం. అయితే ఉన్నది ఉన్నట్టే సభకు తెస్తాను.”

పున్నమినాడు సభ తీర్చారు. పొరుగు రాజ్యాల పండితులు శాలువాలు సర్దుకుని కూచున్నారు. తిప్పన గ్రంథానికి చుట్టిన పట్టుబట్ట విప్పి దాన్ని రాజు చేతికిచ్చాడు. రాజు గొంతు సవరించుకుని మొదటి ఆకు చూశాడు. తిప్పి చూశాడు. రెండో ఆకు చూశాడు.

“తిప్పనా! ఇందులో ఒక్క అక్షరం లేదేం?”

“ఉన్నాయి ప్రభూ, ఒక్కటీ పోలేదు. తడిమి చూడండి.”

రాజు తడిమాడు. వేళ్లకు గాట్లు తగిలాయి. “మరి కనపడవేం?”

“గంటంతో గీసింది గాటే గదా ప్రభూ! దాని మీద మసి పూసి తుడిస్తే గానీ కంటికి ఆనదు. ఇక చేర్చవలసింది ఏమీ లేదని ఏలినవారు సెలవిచ్చారని, ఊరుకున్నాను.”

పండితుల్లో ఒకాయన దగ్గాడు. అది దగ్గు కాదని రాజుకు తెలుసు.

“పూయించు! ఇప్పుడే!”

“లేఖకశాలలో మసి నిండుకుని నెల దాటింది ప్రభూ. ఉన్న పిడత ఒక్కటే. దాన్ని పట్టుకుని ఆ మనిషి మీ గుమ్మం బయటే నిలబడి ఉంది.”

చేసేదేముంది? నూకాలును లోపలికి పిలిచారు. ఆమె బెదరలేదు. పిడత దించి, మొదటి ఆకుకు మసి పూసి, గుడ్డతో తుడిచి రాజు చేతిలో పెట్టింది. అక్షరాలు నల్లగా, పొందిగ్గా లేచి కనిపించాయి.

రాజు హాయిగా ఊపిరి పీల్చుకుని గట్టిగా చదివాడు: “విచారణ లేకుండా ఎవరినీ మూడు దినములకు మించి బంధింపరాదు. వెట్టికి ఒప్పుకొననివానిని శిక్షింపరాదు.”

“మరైతే బాబూ,” అంది నూకాలు, “మా ఇంటాయన్ని నాలుగు నెల్లు ఎందుకుంచినారు?”

రాజు మొహం కందగడ్డయింది. చెమట తుడుచుకోబోయి నుదురంతా మసి పూసుకున్నాడు. తిప్పన వెండిపళ్లెం ఒకటి ఎత్తి పట్టాడు. అందులో తన మొహం చూసుకున్న రాజుకు ముందు కోపమొచ్చింది, ఆ వెనకే నవ్వొచ్చింది. ఉయ్యాల మీద కూడా అంత ఊగి ఉండడు, అంతగా నవ్వాడు.

“ఓడిపోయాను తిప్పనా! ఇన్ని నెలలు చెప్పానే గానీ, నా గ్రంథం నేను చదవడం ఇదే మొదటిసారి. అమ్మా, చదివించినందుకు నీకు రుణపడ్డాను. పైడయ్యను ఈ క్షణమే వదలండి!”

తిప్పనకు బంగారు కడియం తొడిగి శాలువా కప్పాడు. అతను వద్దనలేదు. అలాంటివి వద్దనే అలవాటు అతనికి లేదు.

సాయంత్రం గుమ్మం దగ్గర పైడయ్య, నూకాలు చేతులు జోడిస్తే మాత్రం తిప్పన రెండడుగులు వెనక్కి వేశాడు.

“నాకెందుకమ్మా దండాలు? ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. నా రాత ఒక మనిషిని ఇంటికి పంపడం ఇదే మొదలు. అది నీ చలవ. నేనే నీకు పెట్టాలి,” అని నిజంగానే దండం పెట్టాడు.

“ఊరుకోండి పంతులుగారూ. మీరు రాసుంచబట్టే కదా, నాను నిలేసి అడిగినాను. మీ మేలు మరవను,” అంది నూకాలు కళ్లు తుడుచుకుంటూ. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది.

“రేపు రెండో ఆకు తీసుంచండి. పొద్దున్నే మసి పట్టుకొత్తాను. లోపల ఇంకా పదకొండుమంది ఉన్నారు.”