దీవి కింద మంచినీళ్లు

నాలుగు దీవులు అయిపోయాయి. కాసింపీరా బాబా ఇంతవరకూ పనికొచ్చే మాట ఒక్కటీ చెప్పలేదు. సాత్యకి బాధంతా అదే.

ఉద్యోగం వదిలేసి, వీపున సంచీ తగిలించుకుని దేశమంతా తిరుగుతున్న కుర్రాడు సాత్యకి. హిమాలయాల్లో ఒక స్వామి దగ్గర కొన్నాళ్లు, లడాఖ్ మఠంలో కొన్నాళ్లు ఉన్నాడు. ఎక్కడా నిలవలేదు. ఈ పగడపు దీవుల మధ్య ఒక సూఫీ గురువు తెరచాప పడవలో తిరుగుతుంటాడని ఎవరో చెబితే ఓడెక్కి వచ్చేశాడు.

బాబా పుట్టింది నెల్లూరు తీరంలో. చిన్న వయసులో సరుకుల పడవ మీద ఇక్కడికి వచ్చి, ఇక్కడి పీరు, అంటే అప్పటి సూఫీ గురువు దగ్గరే ఉండిపోయాడు. ఆ పీరు పోయాక పడవ ఈయనకు మిగిలింది. వానలు లేని నెలల్లో దీవి నుంచి దీవికి వెళ్లి మనుషుల్ని పలకరించి వస్తుంటాడు.

"నన్ను శిష్యుడిగా తీసుకోండి బాబా," అన్నాడు సాత్యకి మొదటిరోజే.

సూఫీల్లో గురువు చేతిలో చెయ్యి వేస్తేనే శిష్యరికం మొదలైనట్టు. బాబా అతని చేతులకేసి ఒకసారి చూశాడు.

"పడవెక్కు. వానలు వచ్చేలోగా చెప్తా."

పడవలో ఒకటే షరతు. రోజుకు ఒక్క ప్రశ్న.

ఆ ఒక్కటీ సాత్యకి పళ్లు తోముకోకముందే ఖర్చుపెట్టేసేవాడు.

"నేను అనే భావం పోవాలంటే ఏం చెయ్యాలి బాబా?"

"ముందు ఆ చుక్కాని పట్టుకో."

సాత్యకి పట్టుకున్నాడు. బాబా తెరచాప నీడలోకి వెళ్లి హాయిగా నిద్రపోయాడు. మధ్యాహ్నం లేచి అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు.

"మరి జవాబు?"

"అది రెండో ప్రశ్న అబ్బయా. రేపు చూద్దాం."

ఐదో దీవి మరీ చిన్నది. ఈ ఒడ్డున నిలబడితే కొబ్బరిచెట్ల సందుల్లోంచి ఆ ఒడ్డు కనిపిస్తుంది. కొన్ని ఇళ్లు, ఒక మసీదు, దాని వెనక ఒక బావి. ఊరంతటికీ మంచినీళ్లు అక్కడే. బావి మీద కొబ్బరాకుతో అల్లిన మూత.

"మన డ్రమ్ము ఖాళీ అయింది. నింపుకురా," అన్నాడు బాబా. "ఎట్లా తోడాలో ఆమె చూపిస్తుంది."

ఆమె బీఫాత్తు. బావి పక్క ఇల్లే ఆమెది. ఇంట్లో కూతురు నిండు చూలాలు. ఆమె మాట సాత్యకికి రాదు, అతని మాట ఆమెకు రాదు. అందుకని చేసి చూపించింది. పొడుగు కర్రకు కట్టిన కొబ్బరి చిప్పను నీళ్ల మీద ఆనించి ఊరుకుంది. ముంచలేదు. అంచు మీంచి నీళ్లు వాటంతట అవే చిప్పలోకి జారాయి. పైకి తీసి బిందెలో పోసి, మళ్లీ ఆనించింది. తన రెండు బిందెలూ నిండాక కర్ర సాత్యకి చేతికిచ్చి వెళ్లింది.

సాత్యకి కాసేపు అలాగే చేశాడు. డ్రమ్ములో అడుగు కూడా తడిసినట్టు లేదు. ఇలాగైతే సాయంత్రం దాటిపోతుంది. అతని సంచీలో బ్యాటరీతో నడిచే చిన్న మోటారు ఉంది, గుడారాల్లో స్నానానికి వాడేది. గొట్టం తగిలించి దాన్ని బావి అడుగుకంటా దింపాడు. గంట తిరక్కుండానే డ్రమ్ము నిండిపోయింది. ఈల వేసుకుంటూ దొర్లించుకొచ్చాడు.

బాబా ఒక గ్లాసు ముంచి నోట్లో పోసుకున్నాడు. గ్లాసు సాత్యకికి ఇచ్చాడు.

సాత్యకి ఉమ్మేశాడు. ఉప్పు.

బావి దగ్గరికి పరుగెత్తాడు. పైనుంచి తోడి చూశాడు. అవీ ఉప్పే. అప్పటికే బీఫాత్తు అక్కడ నిలబడి ఉంది. ఆమె అరవలేదు. బాబాతో నెమ్మదిగా ఏదో చెప్పింది. బాబా దాన్ని తెలుగులో, ఏమాత్రం మెత్తబరచకుండా చెప్పాడు.

"ఇన్నాళ్లూ వీళ్లకు సముద్రం బయటే ఉండేదట. నువ్వు లోపలికి తెచ్చిపెట్టావట."

పడవలో ఒక మంచినీళ్ల కుండ మిగిలి ఉంది, వెనకటి దీవిలో నింపుకున్నది. బాబా దాన్ని తీసుకెళ్లి బీఫాత్తు ఇంట్లో పెట్టేశాడు. మిగతా ఇళ్లవాళ్లు కొబ్బరిబోండాలు కోసుకున్నారు. సాత్యకి ముఖం చూసి ఒక ముసలాయన అతనికీ ఒకటి కొట్టి ఇచ్చాడు.

బాబా తెరచాప చుట్టేసి, పడవను ఇసుక మీదికి లాగించాడు.

"బావి బాగయ్యేదాకా ఇక్కడే."

"ఎన్నాళ్లు పడుతుంది బాబా?"

"ఇవాళ్టి ప్రశ్న పొద్దునే అయిపోయింది."

మర్నాటి నుంచి సాత్యకిని బావి పక్కన కూర్చోమన్నాడు. తోడకూడదు, ఊరికే చూడాలి. సాత్యకి చూశాడు. పొద్దున్న ఒక రాయి మీద ఆకుపచ్చటి పాచి కనిపించింది. ఎండ ఎక్కేసరికి ఆ రాయి లేదు. నీళ్లు దాన్ని కప్పేశాయి. సాయంత్రానికి రాయి మళ్లీ బయటపడింది. ఎవరూ తోడలేదు. వాన చినుకు లేదు. మర్నాడూ అంతే. అప్పుడు తల తిప్పి సముద్రంకేసి చూశాడు. అక్కడ పోటు వస్తే ఇక్కడ నీళ్లు లేస్తున్నాయి. అక్కడ ఆటు వస్తే ఇక్కడ దిగుతున్నాయి. నిద్రపోతున్న మనిషి ఛాతీలా బావి కదులుతోంది.

అతను గట్టు మీంచి మెల్లగా చెయ్యి తీసేశాడు.

కొన్నాళ్లకు ఒక చేపల లాంచీ వచ్చి ఆగింది. వానలకు ముందు ఆఖరి ఓడను అందుకోవాలంటే అందులో వెళ్లాల్సిందే.

"వెళ్లిరా," అన్నాడు బాబా. "నేను బావి దగ్గర ఉంటాను."

సాత్యకి సంచీ భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"ఇవాళ్టి ప్రశ్న ఇదే బాబా. నన్ను తీసుకుంటారా, తీసుకోరా?"

బాబా పొయ్యి మీద పాలులేని టీ కాస్తున్నాడు. చక్కెర ఇంకా వెయ్యలేదు. ఒక గాజుగ్లాసు తీసుకుని అలల్లోకి దిగి, సగందాకా సముద్రం నీళ్లు పట్టి తెచ్చాడు. గ్లాసు లోపలి అంచుకు వేలు ఆనించి, ఆ వేలి మీంచి టీ సన్నటి ధారగా వదిలాడు. ఎంతసేపు పోశాడో. చెయ్యి వణకలేదు. చివరికి గ్లాసును ఎండలోకి ఎత్తాడు. కింద తెల్లగా సముద్రం. దాని మీద, కలవకుండా, ఎర్రటి టీ తేలుతోంది.

"తాగు. అంచున."

సాత్యకి పెదవి ఆనించాడు. వెచ్చటి, చేదు టీ. ఉప్పు జాడే లేదు.

"ఇప్పుడు గటగటా తాగు."

తాగక్కర్లేదు. అడుగునున్న ఉప్పు పైకి వస్తుందని అతనికి తెలుసు.

సాత్యకి కిందికి చూశాడు. కాళ్ల కింద ఇసుక. ఇసుక కింద, ఎప్పటెప్పటి వానలకో ఇంకిన పలచటి మంచినీళ్లు. వాటి కింద అంతులేని సముద్రం. ఆ పలచటి నీళ్ల మీదే ఈ కొబ్బరిచెట్లు నిలబడ్డాయి. మసీదు నిలబడింది. బీఫాత్తు కూతురు గుమ్మంలో కూర్చుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఎవరితోనో నవ్వుతోంది. ఆ కడుపులో బిడ్డ పుట్టేదీ వాటి మీదే. అన్నీ తేలుతున్నాయి. ఇన్నాళ్లూ తేలుతూనే ఉన్నాయి. అతను అడుగు తీసి వెయ్యడానికి భయపడ్డాడు.

లాంచీవాళ్లు హారన్ కొట్టారు. రెండోసారి కొట్టారు. "వస్తాడా రాడా ఆ సంచీ అబ్బాయి?" అని కేకేశారు.

సాత్యకి సంచీ దింపి, చెప్పులు విప్పి దాని పక్కన పెట్టాడు. లాంచీ వెళ్లిపోయింది.

ఆ తర్వాత వాన వచ్చింది. చూరుల నుంచి, మట్టల నుంచి కారి, దీవంతటా మెల్లగా ఇసుకలోకి ఇంకింది. రోజూ పొద్దున బీఫాత్తు బావిలో ఒక చుక్క రుచి చూసి, సాత్యకికేసి చూసి, తల అడ్డంగా ఊపేది. అతను తల దించుకునేవాడు.

కూతురికి నొప్పులు మొదలైన పొద్దున ఆమె రుచి చూసి తల ఊపలేదు. కర్ర అతని చేతికిచ్చి, రెండు బిందెలూ చూపించి లోపలికి పరుగెత్తింది.

సాత్యకి చిప్పను నీళ్ల మీద ఆనించి ఊరుకున్నాడు. నీళ్లు వచ్చాయి. మళ్లీ ఆనించాడు. రెండో బిందె నిండేసరికి లోపల పసిగుడ్డు ఏడుపు వినిపించింది. బిందెలు గుమ్మంలో పెట్టాడు. ఒక చెయ్యి వచ్చి వాటిని లోపలికి లాక్కుంది.

బాబా బావి గట్టున కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ ఇంకా ఏమీ అడగలేదే?"

సాత్యకి బావిలోకి చూశాడు. పోటు వచ్చే వేళ. పాచి పట్టిన రాయి మెల్లగా మునుగుతోంది.

"ఉండనివ్వండి బాబా."

బాబా కుడిచెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి పైకి తెరిచి పట్టుకున్నాడు.

సాత్యకి వెంటనే చెయ్యి వెయ్యలేదు. ముందు బావికి మూత వేసి వచ్చాడు.