ఆముదం ఎవరిది?

వేలాపురి రేవు బయట ఆముదం తెస్తున్న ఓడ ఒకటి ఇసుకతిన్నెకు కొట్టుకుని పగిలింది. ఆ జిడ్డు నీటిమీద తెట్టెలా కట్టి, చేపలు గుడ్లు పెట్టే ఉప్పుటేరు వైపు కదిలింది. ఎండుగడ్డి నూనెను బాగా పట్టుకుంటుందని పల్లెకారుల పెద్ద కొర్లమ్మకు తెలుసు. ఊరందరి చేతా లావుపాటి గడ్డితాళ్లు పేనించి, ఏరు సముద్రంలో కలిసే మొగకు అడ్డంగా కట్టించబోయింది.

అంతలో రేవు అధికారి భద్రప్ప భటులతో వచ్చాడు.

"ఆగండి! పగిలిన ఓడలో సరుకంతా రాజుగారిది. చుక్క ముట్టుకున్నా చెరసాలే! ఏం చేయాలో పండితుల సభ తేలుస్తుంది."

"ఎప్పుడు బాబూ?" అంది కొర్లమ్మ.

"వచ్చే పౌర్ణమికి."

"అలాగే, ముట్టుకోం. కానీ రాజుగారి సొత్తు తమరి కళ్లముందే బురదలో ఇంకిపోతోంది. రేపు ఆయన అడిగితే ఏం చెబుతారు?"

భద్రప్ప తడబడ్డాడు. "అంటే... సముద్రంలో పడ్డాక అది రాజుగారిది కాదులే."

"కాకపోతే మమ్మల్ని ఆపడం దేనికి? ఆయనదే అయితే, పోకుండా పట్టాల్సింది తమరే. ఎలా చూసినా తాడు కట్టాల్సిందేగా? ఆ కొస పట్టుకోండి."

భటులు నవ్వాపుకుంటూ నీళ్లలోకి దిగారు. వాళ్ల వెనకే భద్రప్పా దిగాడు. సాయంత్రానికి జిడ్డు గడ్డికి పట్టింది, ఏరు తేటగా నిలిచింది.

సంగతి విన్న రాజు, ప్రతి రేవులోనూ గడ్డితాళ్లు సిద్ధంగా ఉంచాలని శాసనం చేశాడు. ఆ పని నేర్చుకోవడానికి పండితులు తాటాకులు, గంటాలు పట్టుకుని కొర్లమ్మ దగ్గరికి వచ్చారు.

"రాసుకోవడం తర్వాత, అయ్యలారా," అంటూ ఆమె తలా ఒక గడ్డిమోపు వాళ్ల ముందు పడేసింది. "ముందు పేనండి."